గాలికి కుట్టిన చొక్కా

మా ఊళ్ళో కాలాలు మూడు కాదు, నాలుగు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం అందరికీ ఉన్నవే. మాకు వానలు తగ్గి చలి ఇంకా మొదలుకాకముందు గాలికాలం అని ఇంకొకటి ఉంటుంది. సరస్సు మీంచి రేయింబవళ్ళు ఒక్క తీరుగా కొడుతుంది గాలి. ఆరేసిన బట్టలకి రెండేసి క్లిప్పులు పెట్టాలి. వీధిలో పక్కమనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి. అందుకే మా ఊరివాళ్ళు మంచిచెడ్డలు అడిగినా కయ్యానికి వచ్చినట్టే ఉంటుందని బయటివాళ్ళు నవ్వుతారు.

మా ఇంట్లో ఒక గాలికాలం నిజంగానే కయ్యంతో మొదలైంది. దాన్ని మేం ఇప్పటికీ "మామయ్య బండి కట్టిన గాలికాలం" అంటాం. అత్తయ్య మాత్రం "నేను అమ్మాయిని చూడ్డానికి వెళ్ళిన ఏడు" అంటుంది. అలిగి వెళ్ళానని ఈనాటికీ ఒప్పుకోదు.

మామయ్య బస్సులు కట్టేవాడు. ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న చట్రం షెడ్డుకి వస్తే, దాని చుట్టూ ఇనప ఎముకలు నిలబెట్టి, రేకు తొడిగి, సీట్లూ కిటికీలూ బిగించి, బస్సుగా మార్చి పంపడం ఆయన పని. వయసంతా ఆ బరువులెత్తడంతోనే గడిచింది. చివరికి నడుము మొరాయించింది. ఆపరేషన్ చేసిన డాక్టరు వంగొద్దన్నాడు, బరువులెత్తొద్దన్నాడు, నిటారుగా ఎక్కువసేపు కూర్చోవద్దన్నాడు, కుదుపులు అసలే పనికిరావన్నాడు. వెనక్కి వాలి కూర్చుని కాళ్ళు ఎంత ఆడిస్తే అంత మంచిదన్నాడు. ఈ చివరి మాట తప్ప మిగతావన్నీ అత్తయ్య కంఠతా పట్టింది.

ఇక చూడండి. మంచినీళ్ళ గ్లాసు చేతికందించేది. తువ్వాలు భుజమ్మీద వేసేది. రొట్టె ముక్కలు చేసి పళ్ళెంలో పెట్టేది. ఒకప్పుడు షెడ్డులో ఈలవేస్తే పదిమంది పరిగెత్తుకొచ్చిన మనిషి, కుర్చీలో బొమ్మలా కూర్చుని లోపల్లోపల ఉడికిపోయేవాడు. నేను ముందుగదిలో మిషను ముందు కూర్చుని ఇదంతా చూస్తుండేదాన్ని. బట్టలు, కర్టెన్లు, కార్ల సీటు కవర్లు, ఏదొస్తే అది కుట్టేదాన్ని. మామయ్యకీ నాకూ మధ్య "కాఫీ తాగుతారా?", "ఆ, ఇవ్వమ్మా" తప్ప పెద్దగా మాటలుండేవి కావు.

ఆరోజు పొద్దున్నే మేజోళ్ళ దగ్గర వచ్చింది తంటా.

"కాలిటివ్వండి," అంది అత్తయ్య, మేజోడు పట్టుకుని నేల మీద కూర్చుని.

"నేను వేసుకోగలను."

"వంగొద్దన్నాడు డాక్టరు."

"వంగకుండానే వేసుకుంటాను."

"ఎలా? మేజోడు పైకి ఎగరేసి అందులోకి కాలు దూరుస్తారా?"

నాకు నవ్వాగలేదు. కిసుక్కున నవ్వేశాను. కోడలి ముందు పలచనైపోయాననిపించిందేమో, మామయ్య మొహం కందగడ్డలా అయిపోయింది.

"నువ్వు లేకపోతే నేను బతకలేననుకుంటున్నావా?"

అత్తయ్య లేచి నిలబడింది. గొంతు పెంచలేదు. దానికే నాకు భయం వేసింది.

"బతికి చూపించండి. చూస్తాను. నేను కావాలనిపించిననాడు కొడుకుని పంపిస్తే రాను, కోడలిని పంపిస్తే రాను. ఎవరో ఎత్తి బస్సులో కూర్చోబెడితే వచ్చినా రాను. మీ కాళ్ళ మీద మీరొచ్చి పిలవండి. అప్పుడొస్తాను."

సంచీ సర్దుకుని బస్సెక్కి కూతురింటికి వెళ్ళిపోయింది. మా ఆడపడుచు, అదే మా వదినది, సరస్సు అవతలి ఊరు. మధ్యలో కట్ట మీద పొడుగాటి రోడ్డు, అటూ ఇటూ నీళ్ళు, చెట్టన్నది లేదు. కోపంలో అత్తయ్య చేతిలో ఉన్న మేజోడు కూడా సంచీలోనే వెళ్ళిపోయింది.

మామయ్య రెండోదాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత ప్లాస్టిక్ డబ్బా ఒకటి చీల్చి, దానికి రెండు తాళ్ళు కట్టి, దాని మీదికి మేజోడు తొడిగి నేల మీద పడేసి, కాలు పెట్టి తాళ్ళు లాగాడు. మేజోడు నున్నగా కాలికెక్కింది. "చూశావా అమ్మా?" అన్నాడు నావైపు గర్వంగా. రెండో కాలికి మాత్రం లేదు. ఇంకో జత కొనుక్కొస్తానంటే వద్దన్నాడు. అప్పట్నుంచీ ఒంటి మేజోడుతోనే తిరిగాడు.

* * *

అటక మీద మా ఆయనవీ వదినవీ చిన్నప్పటి సైకిళ్ళుండేవి. మామయ్య వాటిని దింపించి పెరట్లో కోసి పడేశాడు. షెడ్డులో ఆయన దగ్గర పని నేర్చుకున్న వెల్డరు వచ్చి, ఆయన చెప్పినట్టల్లా అతికించి వెళ్ళాడు. ముందు రెండు చక్రాలు, వెనక ఒకటి. మధ్యలో పాత బస్సు సీటు వెనక్కి వాల్చి బిగించారు. పెడళ్ళు ముందుకి, మనిషి కళ్ళెదురుగా వచ్చాయి. వెల్లకిలా వాలి కాళ్ళు చాపి తొక్కాలి.

పెయింట్ల షాపు నుంచి ఇంటికొచ్చిన మా ఆయన దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"నాన్నా, ఇది సైకిలా, మంచమా?"

"నీకెందుకురా? మీ అమ్మ దగ్గరికి నా కాళ్ళతో నేను వెళ్తున్నాను. నడుం వాలుతుంది, కాళ్ళాడతాయి. డాక్టరు చెప్పిందీ అదేగా!"

ఎదురింటావిడని మేం "రేడియో" అని పిలుచుకునేవాళ్ళం. పొద్దున మా గేటు దాటిన వార్త మధ్యాహ్నానికి వీధంతా తిరిగొచ్చేది. మామయ్య మొదటిసారి బండెక్కి వీధిలో చక్కర్లు కొట్టినప్పుడు ఆవిడ గోడ మీద గడ్డం ఆనించి, "అన్నయ్యగారూ, దుప్పటి కూడా కప్పమంటారా?" అంది.

వీధిలో బాగానే నడిచింది బండి. కట్ట మీదికెక్కాక గాలి అసలు రూపం తెలిసింది. అటువైపు వెళ్ళేవాళ్ళకి దారిపొడవునా ఎదురుగాలే. మామయ్య శక్తికొద్దీ తొక్కాడు. బండి నిలబడిన చోటే నిలబడినట్టుండేది. చివరికి కూరగాయల వ్యాను వాడెవడో జాలిపడి ఎక్కించుకుని వెనక్కి తెచ్చాడు. వ్యాను మా గేటు ముందు ఆగితే చూద్దుము కదా, ఒకపక్క బండి, ఒకపక్క మామయ్య, మధ్యలో క్యాబేజీ బస్తాలు. రేడియో గోడ దగ్గరే ఉంది. ఆ పూట మా ఇంట్లో ఎవరూ తలెత్తుకోలేదు.

"గాలికాలం పోయాక వెళ్దువుగాని నాన్నా," అన్నాడు మా ఆయన.

మామయ్య జవాబు చెప్పేలోగా ఫోను మోగింది. అత్తయ్య రోజూ చేసేది. ఒక్కరోజూ ఆయన పేరెత్తేది కాదు. "అందరూ తిన్నారా?" అనేది. "అందరూ" అన్నచోట గొంతు కొంచెం నొక్కేది. మామయ్య అప్పుడే ఏదో వెతుక్కుంటున్నట్టు ముందుగదిలోకి వచ్చి, నేను ఫోను పెట్టేసేదాకా వెతుకుతూనే ఉండేవాడు.

"తిన్నాం అత్తయ్యా."

"సరే. నా చలికాలం బట్టలు బీరువాలో కింది అరలో ఉన్నాయి. మూట కట్టి పంపించు. ఇక్కడ చలి తొందరగా మొదలవుతుందట."

సరేనన్నాను. చలికాలం బట్టలు అడిగిందంటే చలికాలమంతా అక్కడే ఉండిపోతుందనేగా! ఆ తరవాత ఎండాకాలం బట్టలు అడగదని ఏముంది? ఫోను పెట్టి చెప్పాను. మామయ్య వెతకడం ఆపేశాడు.

"గాలికాలం పోయాక వెళ్ళమంటావేరా," అన్నాడు కొడుకుతో, మెల్లిగా. "అప్పటికి మీ అమ్మ అక్కడ కుదురుకుపోతుంది."

తరవాత నావైపు తిరిగాడు. "ఆ మూట ఇప్పుడే కట్టకమ్మా."

* * *

గాలి తగలకుండా బండికి తొడుగు వెయ్యాలన్నాడు. వేశాడు కూడా. వెల్డరుతో ఇనప పట్టీలు వంపించి, వాటి మీద రేకు కొట్టి, చుట్టూ అంచుకి మెరిసే పట్టీ బిగించాడు. పూర్తయ్యాక పెరట్లోకి పిలిచి చూపించాడు. మేం ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అచ్చం బస్సే. ముందు పలకలా నిలువుగా ఉంది. ఎడమవైపు తలుపుంది. పక్కన పసుపు చార కూడా వేశాడు.

"నాన్నా, కండక్టరు ఎక్కడ కూర్చుంటాడు?" అన్నాడు మా ఆయన.

మామయ్య నవ్వలేదు. చేతులకి అలవాటైన ఆకారం అది. తయారయ్యాక గానీ ఆయనకీ కనబడలేదు. ఆ రేకు బరువుకి బండి గేటు దాకా కూడా కదల్లేదు.

మర్నాడు మధ్యాహ్నం నా మిషను పక్కకి వచ్చి నిలబడ్డాడు. నేను కాపురానికొచ్చాక ఆయన నా మిషను దాకా రావడం అదే మొదటిసారి. చేతిలో వేడిచేసి వంచిన సన్నటి నీళ్ళ పైపు ఉంది.

"అమ్మాయ్, ఇలాంటి పైపులతో ఎముకలు కడతాను. వాటి మీద రేకు బదులు బట్ట తొడిగితే?"

"ఎలాంటి బట్ట మామయ్యా?"

"అది నువ్వే చెప్పాలి. నాకు రేకు తప్ప తెలీదు."

గొడుగు బట్ట తీసి చూపించాను. వేళ్ళ మధ్య నలిపి, నోటితో ఊది, అవతలికి గాలి పోతుందేమోనని అరచెయ్యి పెట్టి చూశాడు. షాపులో చొక్కా గుడ్డ బేరమాడేవాడిలా తల ఊపాడు. ఆరోజు నుంచి మా మాటలు కాఫీ దాటి ముందుకెళ్ళాయి.

కొలతలు తీసుకున్నాను. ఇక్కడే నా చేతి అలవాటు నన్ను ముంచింది. అద్దం ముందు నిటారుగా నిలబెట్టి, చేతులు చాపించి, చొక్కాకి తీసుకున్నట్టే తీసుకున్నాను. ఒంటికి కుట్టే ఏ బట్టకైనా కాస్త వదులివ్వాలి కదా. మనిషి ఊపిరి పీల్చాలి, చెయ్యి ఎత్తాలి, భోంచేశాక పొట్టకి చోటుండాలి. మా అమ్మ నాకు కత్తెర చేతికిచ్చేటప్పుడు చెప్పిన మొదటి మాట అదే. అలాగే కుట్టాను. తొడిగాను.

మొదటిసారి పెడలు తిప్పగానే రెండు మోకాళ్ళూ వెళ్ళి పైకప్పుకి ఠప్పున తగిలాయి. నిలబడ్డ మనిషికి మోకాళ్ళు పైకి రావన్న సంగతి నాకు తట్టలేదు మరి.

"ముందు నేను బస్సు కట్టాను, ఇప్పుడు నువ్వు చొక్కా కుట్టావు," అన్నాడు మామయ్య. ఈసారి నవ్వాడు. అత్తయ్య వెళ్ళాక ఆయన నవ్వడం నేను చూసింది అప్పుడే.

బండి వెనక చక్రం ఇటుకల మీద ఎత్తిపెట్టి, ఆయన్ని పడుకోబెట్టి, తొక్కమని కొత్తగా కొలతలు తీశాను. మోకాలు ఎంత పైకి వస్తుంది, మోచెయ్యి ఎంత పక్కకి పోతుంది, భుజం ఎక్కడ ఆనుతుంది, అన్నీ. మామగారి మోకాలి దగ్గర టేపు పెట్టడానికి నాకు మొహమాటంగానే ఉంది. ఆయనకీ ఉన్నట్టుంది, ఆకాశంలోకి చూస్తూ తొక్కుతున్నాడు. అలా చూస్తూనే అన్నాడు.

"మీ అత్తయ్యతో ఆరోజు ఆ మాట పౌరుషానికి అన్నది కాదమ్మా. భయానికి అన్నాను."

నేను రెండో మోకాలికి టేపు పెట్టాను.

"ఆపరేషన్ అయ్యాక కళ్ళు తెరిస్తే ఎదురుగా ఆవిడుంది. అప్పుడనిపించింది, ఈవిడ లేకపోతే నేను నిజంగానే బతకలేనని. రోజూ గ్లాసు అందించినప్పుడల్లా అదే గుర్తొచ్చేది. భయం వేసేది. అది కాస్తా కోపమై బయటికొచ్చింది."

"ఈ మాటే ఫోనులో చెప్పొచ్చుగా మామయ్యా?"

"ఎలా చెప్తానమ్మా!" అని ఇంకా గట్టిగా తొక్కాడు. నా టేపు జారిపోయింది.

* * *

ఆ కొలతలతో మళ్ళీ కుట్టాను, మోకాళ్ళ ఇబ్బంది పోయింది. బండి వీధి దాటింది, కట్టెక్కింది. కట్ట మీద కొంతదూరం వెళ్ళగానే బట్ట రెపరెపలాడడం మొదలుపెట్టింది. నేనిచ్చిన వదులంతా గాలి దొరకబుచ్చుకుంది. ఆ చప్పుడు చెవులు చిల్లులు పడేలా ఉంది. తొక్కిన బలమంతా బట్టని ఆడించడానికే సరిపోయింది. మా ఆయన స్కూటరు మీద నేను వెనక కూర్చుని పక్కపక్కనే వెళ్తున్నాను. మామయ్య మొహం చెమటతో తడిసి ముద్దయింది. సగం దారి కూడా రాలేదు.

అప్పుడే ఒకటి గమనించాను. తొందరలో కుట్టు దగ్గర దారప్పోగులు కొన్ని కత్తిరించకుండా వదిలేశాను. ముక్కు దగ్గర పోగులు దువ్విన జుట్టులా బుద్ధిగా పడుకుని ఉన్నాయి. వీపు వెనకాల ఉన్నవి మాత్రం శివాలెత్తినట్టు అటూ ఇటూ గింగిరాలు తిరుగుతున్నాయి.

ఇంటికి రాగానే ఎర్రదారం ముక్కలు కత్తిరించి తొడుగు నిండా కుట్టేశాను. మర్నాడు మళ్ళీ కట్ట మీదికి తీసుకెళ్ళాం. ఈసారి ఎక్కడికో చేరాలని కాదు, చూడాలని. మా ఆయన నడుపుతుంటే నేను మెడ తిప్పి దారాలు చూస్తూ అరిచి చెప్పాను. "ముందు బాగుంది మామయ్యా! పక్కలూ బాగున్నాయి! వెనకే తన్నుకుంటున్నాయి!" దారిన పోయే లారీ డ్రైవరు ఆ ఎర్రదారాల బండినీ దాని పక్కన అరుస్తున్న నన్నూ చూసి హారన్ కొట్టడం కూడా మర్చిపోయాడు.

మామయ్య దిగి బండి వెనక్కి వచ్చి చూశాడు. తొడుగు ఆయన భుజాల వెనక బస్సులాగే ఠక్కున కోసేసినట్టు ఆగిపోయింది.

"బస్సు వెనకభాగం మీద మేమెప్పుడూ అంత మనసు పెట్టలేదమ్మా. ముందు నున్నగా ఉంటే చాలనుకున్నాను." అరచేతులు రెండూ విడదీసి, మెల్లిగా దగ్గరికి తెచ్చాడు. "గాలిని విడదీయడం తేలికే. వెనకాల మళ్ళీ నెమ్మదిగా కలపాలి. కష్టమంతా అక్కడుంది."

"ఈ ముక్క అమ్మకి చెప్పు," అన్నాడు మా ఆయన స్కూటరు మీంచి.

"నోర్మూసుకుని పైపులు తేరా," అన్నాడు మామయ్య.

తోక పొడుగ్గా చేపలా సన్నబడేలా కట్టాడు. ముక్కు దగ్గర ఊపిరాడడానికి ఒక కన్నం వదిలాడు. నేను బట్టంతా విప్పి మళ్ళీ కత్తిరించాను. ఈసారి వదులు లేదు సరికదా, ఎముకల కొలత కంటే అంతటా కొంచెం తక్కువే వేశాను. కత్తెర పెట్టేముందు రెండుసార్లు కొలిచి చూసుకున్నాను. కావాలని బిగువుగా కుట్టడం నా చేతులకి కొత్త. లాగి తొడిగితే డప్పులా మోగింది. ఎక్కి దిగడానికి వీపు వెనక పెట్టిన జిప్పు మాత్రం ఆ బిగువుకి ఆగలేదు, పళ్ళు ఊడి వచ్చేసింది. దాంతో అక్కడ రెండు వరసల కన్నాలు వేశాను, మామయ్య వాటికి ఇత్తడి రింగులు కొట్టాడు. బూటుకి లేసు ఎక్కించినట్టు తాడెక్కించి, మెడ వెనక ముడి వెయ్యాలి. లోపల మనిషి, చేతులు లోపల, తల మాత్రం బయట.

ఆ రాత్రి ఫోనులో అత్తయ్య, "మూట పంపలేదేం?" అంది. "రేపు వస్తుంది అత్తయ్యా," అన్నాను. అబద్ధం కాదనే అనుకున్నాను.

* * *

పొద్దున్నే మామయ్య గడ్డం గీసుకున్నాడు. ఒంటి మేజోడు తొడుక్కున్నాడు. బండిలో వాలాక నేను వెనక మోకాళ్ళ మీద కూర్చుని తాడెక్కించడం మొదలుపెట్టాను. కింది నుంచి ఒక్కో కన్నం బిగిస్తూ పైదాకా వచ్చాక నా చేతులు ఆగిపోయాయి. ఇన్నాళ్ళూ కట్టిందీ నేనే, విప్పిందీ నేనే. ఇది లోపలి నుంచి అందదన్న సంగతి ఎవరమూ పట్టించుకోలేదు.

"మామయ్యా, మీ అంతట మీరు దిగలేరు కదా! అక్కడికెళ్ళాక ఎలా? కాసేపు ఆగండి, తాడు ముందువైపుకి వచ్చేలా మారుస్తాను."

మామయ్య తల తిప్పలేదు. రోడ్డువైపే చూస్తున్నాడు.

"అక్కడ మీ అత్తయ్య ఉంటుందిగా," అన్నాడు. "బిగించమ్మా."

బిగించాను. గట్టిగా ముడి వేశాను. నా కళ్ళు చెమర్చాయి, ఆయనకి కనబడవని తుడుచుకోలేదు.

రేడియో గేటు దాకా వచ్చి నిలబడింది. ఈసారి జోకు వెయ్యలేదు. "అన్నయ్యగారూ, జాగ్రత్త. వదినగారిని అడిగానని చెప్పండి," అంది.

కట్ట మీద గాలి ఎప్పట్లాగే కొట్టింది. నా జుట్టు వెనక్కి ఎగిరింది, మా ఆయన చొక్కా వీపు దగ్గర బుడగలా ఉబ్బింది. తొడుగు మాత్రం కిక్కురుమనలేదు. ఎర్రదారాలు ముక్కు నుంచి తోక దాకా ఒకే వరసలో పడుకున్నాయి. మామయ్య తల నీళ్ళ మీద కొంగలా ముందుకి సాగిపోతోంది. క్యాబేజీ వ్యాను ఎదురుపడిన చోటు దాటాం. రెపరెపలతో ఆగిపోయిన చోటు దాటాం.  ఒక్కచోట మాత్రం మామయ్య కాళ్ళు ఆగిపోయాయి. స్కూటరు దగ్గరికి తీసుకెళ్ళాం. "ఆయాసం అంతే," అన్నాడు. "పక్కకి జరగండి. మీ స్కూటరు నాకు గాలి అడ్డుకుంటోంది. రేపు మీ అమ్మ అంటుంది, కొడుకు గాలికి అడ్డం ఉంటే వచ్చారని." నిజంగానే జరిగాం.

వదిన ఇంటి మెట్ల మీద అత్తయ్య బఠాణీలు ఒలుస్తూ కూర్చుంది. బండి గేటులోంచి లోపలికొచ్చి ఆగింది. అత్తయ్య లేవలేదు. ఒక్కో కాయే ఒలుస్తోంది.

"వచ్చాను," అన్నాడు మామయ్య.

"కనబడుతూనే ఉంది. దిగండి."

మామయ్య కదల్లేదు.

"దిగలేను."

అత్తయ్య గిన్నె పక్కన పెట్టి చటుక్కున లేచింది. "ఏం? నడుమా?"

"నడుం బాగానే ఉంది. వెనక తాడుంది. నాకందదు."

మా ఆయన స్కూటరు స్టాండు వేసి ముందుకి కదలబోయాడు. నేను ఆయన చొక్కా పట్టుకుని ఆపాను. అత్తయ్య మా ఇద్దరినీ చూసింది. మేం సరస్సువైపు చూశాం.

"నువ్వు విప్పాలి," అన్నాడు మామయ్య.

అత్తయ్య మెట్లు దిగి వెనక్కి వెళ్ళింది. ముడి దగ్గర చాలాసేపు తంటాలు పడింది. 

"ఎవరు వేశారీ ముడి?"

"నేనే అత్తయ్యా."

"ఇంత బిగించి కడితే మనిషికి ఊపిరాడొద్దూ?" అంది. ఒక్కో కన్నం సడలిస్తూ వచ్చింది.

మామయ్యని చెయ్యి పట్టుకుని లేపింది. ఆయన పట్టుకోనిచ్చాడు. బయటికొచ్చిన కాళ్ళు చూసింది. ఒకదానికి మేజోడు, రెండోదానికి లేదు. లోపలికి వెళ్ళి, ఉతికి మడతపెట్టిన మేజోడు తెచ్చి మెట్టు మీద కూర్చుంది. మామయ్య కాలు చాచాడు.

* * *

మర్నాడు తిరుగు ప్రయాణం. "ఈసారి నేను కడతాను," అంది అత్తయ్య. కట్టింది. నేను చూస్తూనే ఉన్నాను, ఒక్కో కన్నం దగ్గరా ఇంతంత వదులు వదిలింది. నోరు తెరవబోయి మూసుకున్నాను. స్కూటరు వెనక తను కూర్చుని ఆయన్ని చూసుకుంటూ వస్తానంది. నేను సంచీ తీసుకుని బస్సెక్కాను.

కట్ట మధ్యలో బస్సు వాళ్ళని దాటింది. కిటికీలోంచి తల బయటికి పెట్టి చూశాను. నేను అన్నిసార్లు విప్పి, కత్తిరించి, బిగించి కుట్టిన బట్ట, ముక్కు నుంచి తోక దాకా రెపరెపలాడిపోతోంది. దారాలన్నీ ఇష్టమొచ్చినట్టు ఎగురుతున్నాయి. చేతులు దురదపెట్టాయి, ఆపి బిగించాలని. వెనక స్కూటరు మీద అత్తయ్య, "మెల్లిగా! మెల్లిగా!" అని అరుస్తోంది. మామయ్య నాకేసి చూసి చెయ్యి ఊపబోయాడు, చేతులు లోపలున్నాయని గుర్తొచ్చి తల ఊపాడు.

ఇప్పుడు మామయ్య లేడు. బండి పెరట్లోనే ఉంది. తొడుగు బట్ట ఎండకి పలచబడిపోయింది, తీసేద్దామంటే అత్తయ్య ఒప్పుకోదు. గాలికాలం వస్తే దాని వెనక తాడు ఒకసారి చూసి వస్తుంది. బిగుసుకుందనిపిస్తే కాస్త సడలిస్తుంది.

ఆరోజు ఇంటికి చేరాక, అత్తయ్య కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు, నేను మామయ్యని మెల్లిగా అడిగాను.

"అంత వదులుగా కడుతుంటే చెప్పలేదేం మామయ్యా? దారంతా ఒకటే చప్పుడు."

మామయ్య రెండు మేజోళ్ళ కాళ్ళూ చాపుకుని కూర్చున్నాడు. అత్తయ్య తెస్తున్న గ్లాసు కోసం అప్పటికే చెయ్యి చాచాడు.

"వచ్చేటప్పుడు ఎదురుగాలి లేదుగా అమ్మా," అన్నాడు.